తనిఖీ సామాను

మా వ్యాపారంలో ఫిర్యాదు రాని సామానే మేలైన సామాను. కుర్చీలు అద్దెకిస్తే కాలు ఊగుతోందని ఒకరు, వీపు గుచ్చుకుంటోందని ఇంకొకరు వచ్చి నిలదీస్తారు. వంటపాత్రలిస్తే అడుగంటుతోందంటారు. తివాచీ తీసుకెళ్లినవాళ్లు తుమ్ముకుంటూ తిరిగొస్తారు. ఇచ్చిన ప్రతి వస్తువు వెనకాలా ఒక నస నడిచొస్తుంది. ఆ నసను కూడా కలుపుకొని అద్దె చెప్పాలి. అది తెలియనివాడు ఈ వ్యాపారంలో నిలవడు.

నా కొట్లో ఒక్కసారి కూడా ఫిర్యాదు రాని సామాను ఒకటే ఉండేది. దాన్ని మేం తనిఖీ సామాను అంటాం.

మా పట్నంలో ప్రైవేటు బడులు సందుకొకటి. ప్రతి బడిలోనూ సైన్సు గది ఉండాలని నిబంధన. గది ఉంటుంది. గదిలో ఉండాల్సినవే ఉండవు. ఏడాదికోసారి వచ్చే అధికారికి కాసేపు కనిపించడం కోసం అన్ని వస్తువులు కొని, వాటికి తాళం వేసి, దుమ్ము దులుపుతూ కూర్చోవడం దండగని బడుల యజమానులు లెక్కేసుకున్నారు. ఆ లెక్క తప్పని నేననను. అందుకే ఒక కాలేజీ మూతబడినప్పుడు దాని ప్రయోగశాల సామానంతా గంపగుత్తగా కొనేశాను. గాజు బీకర్లు, టెస్ట్‌ట్యూబులు, అయస్కాంతాలు, ఇత్తడి త్రాసు, ఒక మైక్రోస్కోపు, ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం. తనిఖీల రోజులొస్తే అధికారి జీపు కన్నా నా వ్యాను ముందు పోవాలి. కిటుకంతా అంతే. పొద్దున ఒక బడిలో మెచ్చుకున్న త్రాసునే మధ్యాహ్నం ఇంకో బడిలోనూ మెచ్చుకునేవాళ్లు.

అస్థిపంజరాన్ని వెనక డబ్బాల మధ్య పడేస్తే ఎముకలూడతాయని డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించేవాళ్లం. ఎర్రలైటు దగ్గర వ్యాను ఆగితే పక్క బండివాళ్లు తొంగిచూసి, మీ డ్రైవరుకి జీతం ఇవ్వడం మర్చిపోయారా అని నవ్వేవాళ్లు.

సామాను తుడిచి సర్దే పెద్దాయన్ని అందరూ పాలీషు అంటారు. చేతిలో గుడ్డ లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి అస్థిపంజరం కుడిచెయ్యి విరిగితే, ఎక్కడో పాత సామాన్లలో దొరికిన ఇంకో చెయ్యి తెచ్చి తగిలించాడు. అది ఎడం చెయ్యి. రెండూ ఎడం చేతులేమిటయ్యా అంటే, "ఎవరు చూస్తారు బాబూ?" అన్నాడు. నిజమే కదా అని నేనూ ఊరుకున్నాను. అప్పటినుంచి ఆ రెండు ఎడం చేతులతోనే అది అన్ని బడులూ తిరిగింది. ఎవరూ ఏమీ అనలేదు.

నా చెల్లెలి కూతురు సైన్సు టీచరు. చెల్లెలు పోయాక ఆ పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. ఒకదానిమీద ఒకటి పేర్చిన కుర్చీల మీదెక్కి కూర్చుని, కొట్టు కట్టేసేదాకా చదువుకునేది. ఇప్పుడు బజారు చివర ఉన్న బడిలో పాఠాలు చెబుతోంది. తనిఖీల రోజులు దగ్గరపడ్డాక ఒక ఆదివారం కొట్టుకొచ్చి, ఈసారి మా బడికి సామాను రెండు రోజులు ముందుగా పంపమంది.

"ముందెందుకే? దుమ్ము పడుతుంది."

"పిల్లలు ముట్టుకోవాలి మామయ్యా."

వేళాకోళమనుకుని నవ్వాను. అది నవ్వలేదు. గాజు సామాను పిల్లల చేతికిస్తే మిగిలేది పెంకులే అని చెప్పాను. తనిఖీ సామాను కంటికే గాని చేతికి కాదని చెప్పాను.

"కుర్చీ అద్దెకిచ్చి కూర్చోవద్దంటావా?" అంది.

పాలీషు గుడ్డతో మూతి తుడుచుకుంటున్నట్టు నటించి నవ్వు దాచుకున్నాడు.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. బడి యజమానిని అందరూ కరస్పాండెంటు గారంటారు. ఆయనకి వరండా చివర ఉన్న సైన్సు గది మీద కన్ను పడింది. మంచి ర్యాంకులొచ్చే పిల్లలందరినీ ఏరి ఒకచోట కూర్చోబెట్టి రోజంతా పరీక్షలు పెట్టాలని ఆయన ఆలోచన. దానికి చోటు కావాలి. మేనకోడలు ఆయనతో చాలా వాదించింది. చివరికి ఆయన ఒక మాటకి ఒప్పుకున్నాడు. ఈసారి అధికారి సైన్సులో పిల్లలు బాగున్నారని ఒక్క మంచి మాటంటే గది ఆమెదే, సామాను కూడా నా దగ్గర ఏకంగా కొనేస్తాడు. అనకపోతే మర్నాడే ఆ గదిలో బెంచీలు పడతాయి.

"ఆ గది ఒక్కటే మామయ్యా. పిల్లలు జవాబు రాయక్కర్లేకుండా ఏదైనా చూడ్డానికి బడి మొత్తానికి అదొక్కటే చోటు. అదీ పోతే ఇంక నేను చెప్పేది పాఠం కాదు, అప్పజెప్పించుకోవడం."

నేను లెక్క చూసుకున్నాను. పాత సామాను ఒక్క దెబ్బకి అమ్ముడుపోవడం నాకు లాభం. మేనకోడలికి గది దక్కడం దానికి లాభం. మనసూ బేరమూ ఒకే వైపు మొగ్గడం నా అనుభవంలో అరుదు. పెంకులైనా సరే పొమ్మని ఒప్పుకున్నాను.

సామాను దించడానికి నేనూ పాలీషూ వెళ్లాం. కరస్పాండెంటు గారు గుమ్మంలోనే కలిశాడు. చెడ్డవాడు కాదు. మాట మీద నిలబడే మనిషే.

"షావుకారు గారూ, మీదీ నాదీ ఒకటే వ్యాపారం. మీరు కుర్చీలు అద్దెకిస్తారు, నేను బెంచీలు అద్దెకిస్తాను" అని తన మాటకి తనే నవ్వాడు. నేనూ నవ్వాను. కాదనడానికి ఏమీ కనపడలేదు.

వరండాలో డబ్బాలు మోసుకెళుతూ ఒక తరగతి ముందు ఆగాను. పిల్లల్ని ర్యాంకుల వరసన కూర్చోబెట్టారు. మొదటి ర్యాంకు మొదటి బెంచీలో, ఆఖరి ర్యాంకు గోడకానుకుని. టీచరు ప్రశ్న అడుగుతోంది, పిల్లలు ఒకే గొంతుతో జవాబు చెబుతున్నారు. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు మొదలైపోతోంది. నా కొట్లో కూడా బేరగాడు నోరు తెరవగానే ఏం కావాలో నాకు తెలిసిపోతుంది. కానీ అది తెలియడానికి నాకు తల నెరిసింది. ఈ పిల్లలకి ఇంకా పాలపళ్లు ఊడుతున్నాయి.

సైన్సు గదిలో సామాను సర్దాక మేనకోడలు తన తరగతిని తీసుకొచ్చింది. వాళ్లు బల్ల చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ముట్టుకోండర్రా అన్నా ఎవరూ కదల్లేదు. ముట్టుకోవడం తప్పని వాళ్లకి బాగా నేర్పారు. చివరికి వెనక వరసలోంచి రెండు జడల పిల్ల ఒకతి ముందుకొచ్చి అస్థిపంజరం వేళ్లు పట్టుకుంది. ఆ వేళ్ల పక్కన తన వేళ్లు పెట్టి చూసుకుంది.

"టీచర్, ఈయనకి రెండూ ఎడం చేతులే."

గదంతా ఘొల్లుమంది. పాలీషు మెల్లగా తలుపు వెనక్కి జారుకున్నాడు.

ఆ పిల్లని తరగతిలో ఎందుకమ్మ అంటారట. ఏం చెప్పినా ఎందుకని అడుగుతుంది కాబట్టి ఆ పేరు. పరీక్షలో ప్రశ్న చదివి ఆలోచిస్తూ కూర్చుంటుంది, ఈలోపు కాగితాలు లాగేసుకుంటారు. అందుకే ఆఖరి బెంచీ. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదో దారి అన్నట్టుండేది.

తర్వాత మైక్రోస్కోపు. మేనకోడలు ఉల్లిపొర పల్చగా తీసి గాజుపలక మీద పరిచి కింద పెట్టింది. మొదటి ర్యాంకు అబ్బాయిని రమ్మంది. వాడు కన్ను పెట్టకముందే అందుకున్నాడు. "సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర కణాలు ఇటుకలు పేర్చినట్టు దీర్ఘచతురస్రాకారంలో కనిపిస్తాయి టీచర్."

"అది పుస్తకంలో ఉంది నాన్నా. నీకేం కనిపిస్తోందో చూసి చెప్పు."

వాడు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచేసరికి పిల్లాడి ముఖం చిన్నబోయింది. "ఏమీ లేదు టీచర్" అన్నాడు. కాస్త ఆగి, "నాదే తప్పా?" అని అడిగాడు.

ఒకరి తర్వాత ఒకరు చూశారు. కొందరు ఏమీ లేదన్నారు. కొందరు పక్కవాళ్ల ముఖాలు చూసి ఇటుకలున్నాయన్నారు. ఎందుకమ్మ వంతు వచ్చింది. కన్ను పెట్టి రెప్పలు టపటపలాడించింది. నల్ల గీతలేవో కదులుతున్నాయంది. మళ్లీ కన్ను ఆర్పి, అవి తన కనురెప్పల వెంట్రుకలేనంది. ఆ వెనకాల ఇంకేదో ఉందట, తెల్లటి దారాలు, చెట్టు వేళ్లలా పాకి ఉన్నాయట.

మేనకోడలు తనూ వంగి చూసింది. లేచి నా వైపు తిరిగింది.

"మామయ్యా, ఎప్పుడైనా ఇందులో నువ్వు చూశావా?"

చూడలేదు. కొన్న రోజున కూడా చూడలేదు. మెరుస్తోందా లేదా అన్నదే చూశాను.

ఆమె పిల్లల వైపు తిరిగి ఆ దారాలెక్కడున్నాయో కనిపెట్టమంది. ఉల్లిపొర మీదా, కింద అద్దంలోనా, మన కంట్లోనా? ఎలా తెలుస్తుంది? చేతులు వెనక్కి కట్టుకున్న పిల్లలందరూ ఒక్కసారి బల్ల మీదకి వాలారు. ఉల్లిపొర తీసేసి చూశారు. దారాలు అలాగే ఉన్నాయి. అయితే పొర మీద కాదు. ఒకరు తీసి ఒకరు చూశారు. అందరికీ కనిపించాయి. అయితే కంట్లోనూ కాదు. అప్పుడు ఎందుకమ్మ, కన్ను పెట్టే చోట ఉన్న అద్దాల గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని, చూస్తూనే మెల్లగా తిప్పింది.

"ఇది తిప్పితే అవీ తిరుగుతున్నాయ్. ఇందులోనే ఉన్నాయ్ టీచర్!"

నేనూ చూస్తానంటే నేనూ చూస్తానని తోసుకున్నారు. ఇందాక తన తప్పేమో అని కుమిలిపోయిన మొదటి ర్యాంకు వాడు అందరికన్నా ఎక్కువసార్లు తిప్పి చూశాడు. తన తప్పేమీ లేదని వాడికి తెలిసిపోయింది. ఆ గదిలో వినిపించిన అల్లరి లాంటిది బడి మొత్తంలో ఎక్కడా వినపడలేదు. అద్దాల లోపల బూజు పట్టిందని మేనకోడలు చెప్పింది. బూజు కూడా బతికి ఉన్నదేనని చెప్పింది. దాంతో ఇంకో పాతిక ప్రశ్నలు లేచాయి.

నేను మటుకు గోడకానుకుని నా లెక్క నేను చూసుకున్నాను. ఆ బూజు నిన్నా మొన్నా పట్టింది కాదు. ఇన్నేళ్లు, ఇన్ని బడులు, ఇంతమంది టీచర్లు, అధికారులు. ఒక్కరు కూడా కనిపించడం లేదని తిరిగి రాలేదు. సామాను మంచిది కాబట్టి ఫిర్యాదు రాలేదనుకున్నాను. వాడినవాడికి గదా ఫిర్యాదు ఉండేది.

ఆ అద్దాల గొట్టం విప్పి జేబులో వేసుకుని కళ్లద్దాల కొట్టుకి తీసుకెళ్లాను. కళ్లద్దాలాయన దీపం కింద పెట్టి చూసి పెదవి విరిచాడు. తుడిస్తే పోయేది కాదు, బూజు గాజునే తినేసింది, కొత్తది తెప్పించాలి, వారం పది రోజులు పడుతుందన్నాడు. తనిఖీకి అంత వ్యవధి లేదు. కొత్తది తెప్పించమని చెప్పి, పాతదే తీసుకెళ్లి మళ్లీ బిగించాను.

మేనకోడలు దాచకుండా కరస్పాండెంటు గారికి చెప్పింది. ఆయన ఏమాత్రం కంగారుపడలేదట. "ఎవరు చూస్తారమ్మా?" అన్నాడట. అడిగితే పిల్లల చేత పాఠంలో ఉన్నదే చెప్పించండి, మీకు గది కావాలా వద్దా అన్నాడట.

సాయంత్రం కొట్టుకొచ్చి, చిన్నప్పటిలా కుర్చీల మీదెక్కి కూర్చుంది.

"చూసినవాళ్లని చూడలేదని చెప్పమనాలా మామయ్యా?"

నేను నాకు తెలిసిన సలహాయే ఇచ్చాను. "చెప్పమను. ముందు గది చేతికి రానీ. ఆ తర్వాత ఏడాదంతా ఆ గదిలో నిజాలే చెప్పుకో. ఇప్పుడే నిజమంటే గదీ ఉండదు, నిజం చెప్పుకోడానికి చోటూ ఉండదు."

"పెట్టుబడంటావ్."

"అంతే."

"పిల్లలకి ఇది పెట్టుబడని ఎలా తెలుస్తుంది? వాళ్లకి ఇదే పాఠమనిపిస్తుంది."

అయినా మర్నాడు అది పిల్లలతో చెప్పింది. ఎవరైనా అడిగితే పుస్తకంలో ఉన్నట్టే చెప్పండి అంది. ఎందుకు టీచర్ అని ఎందుకమ్మ అడిగిందట. ఆ పిల్లకి జవాబు చెప్పకుండా వచ్చేయడం అదే మొదటిసారని ఆ తర్వాత నాతో అంది.

తనిఖీ రోజు వచ్చింది. ఒక సంగతి చెప్పాలి. తనిఖీ సామానులో ఒక తెల్లకోటు కూడా ఉంటుంది. అది తొడుక్కున్నవాడు ప్రయోగశాల సహాయకుడు. మామూలుగా పాలీషు తొడుక్కునేవాడు. రెండు ఎడం చేతుల సంగతి బయటపడ్డాక ఆ గదిలో అడుగుపెట్టడానికి ఆయనకి ముఖం చెల్లలేదు. అందుకని నేనే తొడుక్కుని మూల నిలబడ్డాను.

అధికారి నెమ్మదైన మనిషి. బల్ల మీద సామాను చూసి తలాడించాడు. త్రాసు ముల్లుని వేలితో కదిపి, బాగుందన్నాడు. మొదటి ర్యాంకు అబ్బాయిని లేపి, మైక్రోస్కోపులో ఉల్లిపొర ఎలా కనిపిస్తుందని అడిగాడు. వాడు ఒక్క క్షణం టీచరు వైపు చూసి, ఇటుకలు, దీర్ఘచతురస్రాలు అంతా ఏకరువు పెట్టాడు. అధికారి మెచ్చుకున్నాడు. కరస్పాండెంటు గారు కుదుటపడ్డాడు. అక్కడితో ఆగుంటే బేరం కుదిరినట్టే.

కానీ ఏ అధికారికైనా ఆఖరి వరసలోంచి ఒకరిని లేపే అలవాటుంటుంది.

"నువ్వు చెప్పమ్మా. నీకేం కనిపిస్తుంది?"

ఎందుకమ్మ లేచింది. టీచరు వైపు చూసింది. టీచరు నేలవైపు చూసింది.

"చెప్పమన్నది చెప్పాలాండీ, కనిపించింది చెప్పాలాండీ?"

అధికారి నవ్వాడు. కనిపించిందే చెప్పమన్నాడు. ఆ పిల్ల చెప్పింది. ముందు కనురెప్పల వెంట్రుకలు, తర్వాత బూజు, గొట్టం తిప్పితే అదీ తిరుగుతుంది, అందుకని అది అద్దంలోనే ఉంది, ఉల్లిపొర కనపడదు. చిన్న కొట్లో సరుకు అప్పజెప్పినట్టు ఒక్కొక్కటీ వరసగా అప్పజెప్పింది.

"తప్పు" అన్నాడు అధికారి, మెత్తగానే. "ఇందాక ఆ అబ్బాయి సరిగ్గా చెప్పాడు కదా."

"మీరు చూడండి సార్."

అధికారి ఎందుకో కాదనలేకపోయాడు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి మైక్రోస్కోపు మీదికి వంగాడు. సామాను దొరికిపోయింది, ఇక పట్నంలో నా పేరు పోతుందనుకున్నాను. మేనకోడలు అప్పుడు తల ఎత్తింది. దాని ముఖంలోకి వెలుగొచ్చింది. నా సామాను పోయినా ఫర్వాలేదు, ఆ పిల్ల నిజం చెప్పిందని ఒక్కరు చూస్తే చాలని ఆ వెలుగు. నాకు కోపం రాలేదు. చిన్నప్పుడు లెక్క కుదిరినప్పుడల్లా కుర్చీల మీద నుంచి అలాగే చూసేది.

అధికారి చాలాసేపు చూశాడు. గొట్టం పైకీ కిందకీ జరిపాడు. లేచి నిలబడ్డాడు.

"ఎంత చక్కగా ఉన్నాయ్ కణాలు. పోగులతో సహా కనిపిస్తున్నాయ్. చాలా మంచి పరికరం" అన్నాడు. తర్వాత ఎందుకమ్మ తల నిమిరాడు. "బాగా చదువుకోవాలమ్మా. చదివితే కనిపిస్తుంది."

ఆ పిల్ల మైక్రోస్కోపు వైపు ఒకసారి, తన వేళ్ల వైపు ఒకసారి చూసుకుంది. మొన్న ఆ గొట్టాన్ని తిప్పిన వేళ్లవి. మొదటి ర్యాంకు అబ్బాయికి నిజం తెలుసు, తరగతి మొత్తానికి తెలుసు. అయినా ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వెనక్కి పాకింది.

"సార్, అది బూజండీ" అంది మేనకోడలు.

గట్టిగా అనలేదు. కానీ అందరికీ వినపడింది. అధికారి కళ్లద్దాలు పెట్టుకుని ఆమెని ఎగాదిగా చూశాడు.

"సైన్సు టీచరు మీరేనా?"

"నేనేనండీ."

కరస్పాండెంటు గారు నవ్వేసి, కాఫీ చల్లారిపోతోందంటూ ఆయన్ని బయటికి తీసుకెళ్లాడు. వెళ్లేటప్పుడు అధికారి చెప్పిపోయిన మాటలు ఇవి. పరికరాలు మేలైనవి. పిల్లలకి విషయం రాదు, టీచరుకి కూడా సాధన చాలదు. రాతపరీక్షలు ఇంకా పెంచాలి.

నేను బేరంలో పెరిగినవాణ్ని. సగం అబద్ధానికి, సగం నిజానికి పెట్టిన పెట్టుబడి అది. రెండు సగాలూ మునిగాయి. అబద్ధం మీదే నిలబడుంటే గది దక్కేది. మొదటినుంచీ నిజమే అనుంటే కనీసం ఆ పిల్ల ముందు టీచరు తల దించుకోవాల్సిన పని ఉండేది కాదు. ఆ సలహా నాది, నష్టం వాళ్లది. లాభం ఎవరిదంటే, చెప్పడానికి నోరు రాదు గాని, నాదే. మేలైన పరికరాలని అధికారి నోటి వెంట వచ్చాక, పక్క బడులవాళ్లు నా సామాను కోసం ముందే చెప్పి పెట్టుకోవడం మొదలుపెట్టారు.

కరస్పాండెంటు గారు మాట మీద నిలబడే మనిషని ముందే చెప్పాను. మర్నాడే సైన్సు గదిలో బెంచీలు పడ్డాయి. సొంత బెంచీలు చాలక కొన్ని నా దగ్గరే అద్దెకి తీసుకున్నాడు. అవి దించడానికి పాలీషుని పంపాను. నేను వెళ్లలేదు. గోడల మీద మేనకోడలు రంగులతో వేయించిన బొమ్మల మీద ర్యాంకుల పట్టికలు అంటిస్తున్నారని పాలీషు వచ్చి చెప్పాడు. టీచరమ్మ కనపడిందా అని అడిగాను. కనపడిందట, అంటించేటప్పుడు కాగితం ఒక కొస పట్టుకుందట.

పది రోజులకి కొత్త అద్దాల గొట్టం వచ్చింది. నా చేతులతో నేనే బిగించాను. కొట్లోనే ఉల్లిపొర ఒకటి తీసి పెట్టి, తలుపు ఓరగా వేసి వంగి చూశాను. ముందు నా రెప్పలే కనిపించాయి. తర్వాత మెల్లగా ఇటుకలు వచ్చాయి. గోడ కట్టినట్టు, సున్నంలాంటి సన్నటి గీతలు మధ్యలో, ఒక్కో ఇటుకలో ఒక్కో చుక్క. పుస్తకంలో ఉన్నది అబద్ధం కాదన్నమాట. పాలీషుని పిలిచి చూపించాను. ఆయన చూసి, చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టేశాడు. "ఇన్నేళ్లూ బయటే తుడిచాను బాబూ" అన్నాడు.

ఆ కొత్తదానితోనే ఇంకో బడికి పంపాను. అదే అధికారి. ఆయనకిప్పుడు మైక్రోస్కోపులో చూడ్డం అలవాటైంది. కళ్లద్దాలు తీసి, వంగి చూసి, ముఖం చిట్లించాడట. ఇందులో ఉత్త గళ్లే ఉన్నాయి, ఆ బడిలో పోగులతో సహా కనిపించాయి, అలాంటిది తెప్పించుకోండి అన్నాడట. ఆ బడి యజమాని నాకు ఫోను చేసి కేకలేశాడు. పాడైపోయిన సామాను పంపి పరువు తీశావన్నాడు.

తనిఖీ సామాను మీద నాకు వచ్చిన మొదటి ఫిర్యాదు అది.

ఏం చేయాలని కళ్లద్దాలాయన్ని అడిగితే, అధికారికి నువ్వే వెళ్లి చెప్పొచ్చు కదా అన్నాడు. చెప్పి ఏం చేయను? చూసినదాన్ని చూసినట్టు చెప్పిన పిల్ల మాటే ఆయన నమ్మలేదు. నేను తెల్లకోటు అద్దెకిచ్చేవాణ్ని. పాత అద్దాల గొట్టాన్నే మళ్లీ బిగించాను. కొత్తది నా బల్ల సొరుగులో పడేశాను. అప్పుడప్పుడు పాలీషు దాన్ని తీసి, భూతద్దంలా పట్టుకుని, పళ్లేల మీద గీతలెన్ని పడ్డాయో చూసుకుంటాడు.

మేనకోడలు బడి మానలేదు. ఆదివారాలు కొట్టుకి రావడం మాత్రం తగ్గించింది. వచ్చినా కుర్చీల మీదెక్కదు, కింద నిలబడి నాలుగు మాటలు మాట్లాడి పోతుంది. ఏమ్మా ఎలా ఉందంటే, బాగుంది మామయ్యా, ర్యాంకులు పెరిగాయ్ అంటుంది.

మళ్లీ ఏడాది తనిఖీల రోజులు వచ్చాయి. ఆ బడి నుంచి ఎవరు ఫోను చేస్తారా అనుకుంటుంటే మేనకోడలే చేసింది. గది ఎలాగూ లేదు కదా, సామాను ఎక్కడ పెడతారని అడిగాను. ఆ ఒక్క పూటకి బెంచీలు వరండాలోకి జరిపి బల్లలు వేస్తారట. సామాను రెండు రోజులు ముందు పంపనా అన్నాను. ఏ మూలో చిన్న ఆశ ఉండి అన్నాను.

"వద్దు మామయ్యా. ఆ పొద్దున పంపితే చాలు."

"కొత్త అద్దం ఉంది నా దగ్గర. ఇప్పుడు ఇటుకలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి. పంపనా?"

ఫోనులో వెనకాల ఏదో తరగతిలో పిల్లలు ఒకే గొంతుతో జవాబు చెబుతున్నారు.

"పాతదే పంపు. అందులో ఏం కనిపిస్తుందని అడిగితే ఏం చెప్పాలో పిల్లలకి నేర్పేశాను. పోగులతో సహా."

"మరి ఎందుకమ్మ?"

"ఇప్పుడు మొదటి బెంచీలో కూర్చుంటోంది" అంది. "ఆ పేరు కూడా ఎవరూ అనట్లేదు."

ఫోను పెట్టేశాక పాలీషుని పిలిచి పెట్టె కట్టమన్నాను. ఆయన పాత గొట్టాన్ని బిగించి, ఇత్తడి మెరిసేదాకా బయటంతా తుడిచాడు. అస్థిపంజరాన్ని డ్రైవరు పక్కన కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. కుడిచేతి వైపు ఉన్న ఎడంచెయ్యి ఊడిపోయేలా ఉంటే, ఇంకాస్త బిగించాడు.